ఓబయ్య పంపలేకపోయిన ఏనుగు

తిరుపతి కొండల కింద ఉన్న జూ ఆఫీసులో నేను గుమాస్తాని. పేరు మునిప్రసాద్. జంతువులు వచ్చినా, పోయినా, చచ్చినా కాగితం నా బల్ల మీదుగానే కదలాలి. పులికాట్ నుంచి రెక్క విరిగి వచ్చిన గూడబాతుకీ ఒక ఫైలు ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఆ ఫైళ్ళు కట్టీ విప్పీ నా ఓపిక ఎప్పుడో అయిపోయింది. అయినా ఒక్క ఫైలు గురించి చెప్పాలి. అది మా ఏనుగుది. అసలు చెప్పాలంటే దాని మావటి ఓబయ్యది.

మా దగ్గరున్న ఏనుగు ఒక్కటే, మగది. రికార్డుల్లో దాని పేరు కౌండిన్య, అందరి నోట్లో కొండడు. మూడేళ్ళ గున్నగా ఉన్నప్పుడు రామకుప్పం దగ్గర పాడుబడ్డ బావిలో పడింది. పైకి తీసేసరికి మంద అడవిలోకి వెళ్ళిపోయింది. ఆ బావిలోకి దిగి గున్న నడుముకు తాడు కట్టినవాడు ఓబయ్య. అప్పటికతను అడవిశాఖలో రోజుకూలి. తమిళనాడు నుంచి వచ్చిన ఒక ముసలి మావటి దగ్గర పని నేర్చుకుని, గున్నతో పాటే మా జూకి వచ్చేశాడు. అప్పటి నుంచి ఇరవై నాలుగేళ్ళు, పొద్దున ఐదున్నరకల్లా గేటు దగ్గర సైకిలు దిగేవాడు. పండగ లేదు, జబ్బు లేదు. ఒకసారి అతని భార్య తాయమ్మ ఆఫీసుకొచ్చి, "ఆ ఏనుగునే మా ఇంటికి తోలుకోని రాండి సార్, దాని ఎనకాలే ఈయప్ప కూడా వస్తాడు" అని దెప్పిపొడిచింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

మగ ఏనుగుతో బతకడమంటే ఏడాదిలో ఎనిమిది నెలలు ముద్దుచెయ్యడం, నాలుగు నెలలు భయపడటం. ఈడొచ్చిన మగ ఏనుగుకి ఏటా మదం వస్తుంది. కంటికీ చెవికీ మధ్య, కణత దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి నూనెలాంటి నల్లటి జిడ్డు కారుతుంది. అది మొదలైందంటే ఇక తన పర అనేది ఉండదు. మేత పెట్టిన చేతినే విరిచేస్తుంది. మదం దిగేదాకా కాళ్ళకు గొలుసులు వేసి, దూరం నుంచే మేత విసరాలి. మదంలో ఉన్న ఏనుగును లారీ ఎక్కించకూడదనేది రూలు. రూలు లేకపోయినా బుద్ధున్నవాడెవడూ ఎక్కించడు.

మా జూలో మదం వచ్చిందా లేదా అని చెప్పేది డాక్టరు కాదు, ఓబయ్య. రోజూ పొద్దున తెల్లగుడ్డతో కొండడి కణత తుడిచి, వాసన చూసి, నా దగ్గరికొచ్చి "ఏం లేదు సామీ" అనేవాడు. నేను రిజిస్టరులో అదే రాసేవాణ్ణి. డాక్టరు బాలచంద్రగారు బాగా చదువుకున్న మనిషే. అయినా ఈ ఒక్క విషయంలో ఓబయ్య ముక్కునే నమ్మేవాడు.

మా ముసలి ఆడ ఏనుగు చనిపోయాక ఆరేళ్ళుగా కొండడు ఒంటరి. మూడేళ్ళ కిందట వేరే రాష్ట్రంలోని ఒక జూ వాళ్ళు దాన్ని అడిగారు. వాళ్ళకు రెండు ఆడ ఏనుగులున్నాయి, మగది పోయింది. పిల్లలు కావాలి. కొండణ్ణిస్తే మాకు జీబ్రాల జంటనిస్తామన్నారు. ఏనుగును ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపడం కన్నా ఆడపిల్లకు సంబంధం కుదర్చడం సులువు. ఇక్కడ పెళ్ళికొడుకు నాలుగు టన్నులు మరి. రెండు రాష్ట్రాల సంతకాలు, ఢిల్లీ అనుమతి, డాక్టర్ల సర్టిఫికెట్లు, దారిలో ఎక్కడ నీళ్ళు పట్టాలో కూడా కాగితం మీద ఉండాలి. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అన్నీ కుదిరి, ఏనుగును తీసుకుపోయే ఇనుప పెట్టె లారీ మీద వచ్చింది. మర్నాడు ఎక్కించాలి. తెల్లవారగానే ఓబయ్య వచ్చి, నా మొహం చూడకుండా, "వచ్చింది సామీ" అన్నాడు.

డాక్టరు కమ్మీల ఇవతల నుంచి చూశాడు. కణత మీద నల్లగా మెరుస్తోంది. పెట్టె ఖాళీగా వెనక్కి పోయింది. రెండు రోజులకే ఆ తడి ఆరిపోయింది. పదిహేను రోజుల తర్వాత, ప్రయాణం కోసం ముందురోజే తీసిన రక్తం పరీక్ష రిపోర్టు వచ్చింది. అందులో మదం ఆనవాళ్ళు ఏమీ లేవని రాసుంది. డాక్టరు దాన్ని రెండుసార్లు చదివి, "ఫైలు అడుగున పెట్టేయ్ మునిప్రసాద్" అన్నాడు. నేను పెట్టేశాను. ఇద్దరం ఓబయ్యను ఏమీ అడగలేదు. అడిగితే అతను అబద్ధమాడాల్సి వస్తుంది, లేదా మేం మెమో ఇవ్వాల్సి వస్తుంది. రెండూ మాకు ఇష్టం లేదు.

అసలు మదం ఎప్పటిలాగే జనవరి ఆఖర్లో వచ్చింది. ఆ ఏడు చాలా కష్టపడ్డాడు కొండడు. గొలుసు ఒరిపిడికి వెనక కాలు పుండు పడింది. నాలుగు నెలలు నిలబడ్డ చోటే తల అటూ ఇటూ ఊపుతూ ఉండిపోయాడు. మదం దిగాక కూడా ఆ ఊపడం పోలేదు. ఓబయ్య పుండు కడిగి మందు రాస్తూ గంటలకొద్దీ దాని కాళ్ళ దగ్గరే కూర్చునేవాడు. అతనికీ మోకాళ్ళు అరిగిపోయాయి. లేవాలంటే ఏనుగు కాలే పట్టుకోవాలి.

ఒకరోజు అతనే ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఆ జూ వోళ్ళకి మళ్ళా ఒక కాయితం రాయి సామీ."

"ఎందుకు?"

"ఇంకో రెండేండ్లలో నేను రిటైరు. నా ఎనక యెవురుండారు? కాంట్రాక్టు పిల్లోళ్ళు వాడి దగ్గరికి పోనే పోరు. ఏడాది పొడుగునా గొలుసుల్లోనే పెడతారు. ఆడ తోడుండాది, చెట్లుండాయి. పోనీ."

నాకు ఒళ్ళు మండింది. ఆ మాట అప్పుడే అని ఉంటే నా ఆరునెలల చాకిరీ దక్కేది. కానీ అతని మొహం చూసి తెల్లకాగితం తీశాను. మళ్ళీ మొదటి నుంచి రాశాను. అవతలి జూ వాళ్ళు ఇదే చివరిసారి అన్నారు. కుదరకపోతే వేరేచోట నుంచి తెచ్చుకుంటామని రాతపూర్వకంగా తేల్చి చెప్పారు. అనుమతి వచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది. గడువు డిసెంబరు ముప్పై ఒకటి.

ఈసారి ఓబయ్య పనిచేసిన తీరు నేను కళ్ళారా చూశాను. పెట్టెను ఆగస్టులోనే తెప్పించి కొండడి కొట్టం ముందు పెట్టించాడు. మత్తు ఇచ్చి ఈడ్చడం అతనికి ఇష్టం లేదు. తనంతట తను నడిచి ఎక్కాలి. రోజూ పెట్టె లోపలి మూలన తలకాయంత రాగి సంగటి ముద్ద, బెల్లం, కొబ్బరి పెట్టేవాడు. మొదటి నెల ముందుకాలు మాత్రమే పెట్టాడు కొండడు. రెండో నెలకు సగం ఒళ్ళు. నవంబరుకల్లా లోపలికెళ్ళి, తలుపు మూసినా అరగంట నిమ్మళంగా నిలబడేవాడు. మేత తగ్గించమని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. ఓబయ్య తల ఊపేవాడు, పెట్టేది పెట్టేవాడు. దూరాభారం పొయ్యేవాడు, కడుపు నిండా తినిపోనీ అనేవాడు. అవతలి జూ డాక్టరు పంపిన వీడియోలో రెండు ఆడ ఏనుగులు మడుగులో మునుగుతున్నాయి. మా డాక్టరుగారి ఫోన్లో ఓబయ్య దాన్ని ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. చూసినప్పుడల్లా, "పెద్దదాని సెవులు బాగుండాయి సార్" అనేవాడు.

డిసెంబరు పద్దెనిమిదిన పొద్దున ఏడింటికి లారీ, క్రేను, అవతలి జూ నుంచి వచ్చిన ఎనిమిది మంది సిద్ధంగా ఉన్నారు. కొట్టం దగ్గర నేను కాగితాల సంచీతో నిలబడ్డాను. ఓబయ్య గుడ్డతో కొండడి కణత తుడిచాడు. వాసన చూశాడు. మళ్ళీ తుడిచాడు. అక్కడే నిలబడిపోయాడు. నేను దగ్గరికెళ్ళి గుడ్డ చూశాను. బొటనవేలంత మరక. నాకైతే మట్టిలాగే ఉంది.

"ఏంది ఓబయ్యన్నా?"

అతను గుడ్డను వెలుతురుకు పట్టి చూశాడు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంటే అక్కడున్న ఒక్కడికీ తెలిసేది కాదు. కొండడు పెట్టె వైపు చూస్తున్నాడు. పిలిస్తే నడిచి ఎక్కేస్తాడు. ఏడొందల కిలోమీటర్లు. రెండు పగళ్ళు, ఒక రాత్రి. తర్వాత తోడు, మడుగు, చెట్లు. ఇదంతా అతనికి నాకంటే బాగా తెలుసు.

డాక్టరు వచ్చాక గుడ్డ ఆయన చేతిలో పెట్టాడు. "వచ్చింది సార్."

బాలచంద్రగారి మొహం ఎర్రబడింది. "ఏమప్పా ఓబయ్యా, జనవరి చివర్లో గదా రావాల్సింది? పోయినసారీ ఇట్లనే అంటివి. నీ మాట నమ్మి పెట్టెను వెనక్కి పంపితిమి. ఈసారి నేను నమ్మను. ఎక్కించండి."

క్రేను మనిషి కదిలాడు. ఓబయ్య పెట్టె తలుపుకు అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. అవతలి జూ వాళ్ళు, మా వాళ్ళు, అందరూ చూస్తుండగా గట్టిగానే చెప్పాడు.

"పోయినసారి అబద్ధం జెప్పినా సార్. ఆముదంలో పొయ్యిమసి కలిపి వాడి కణతకి నేనే పూసినా. వాణ్ణి ఇడిసి ఉండలేక జేసినా. నా మింద ఏం రాసుకుంటారో రాసుకోండి. ఈపొద్దు మాత్రం నిజం. సాయంత్రానికి కారేదానికి మొదలుబెడతాది. దోవలో పెట్టె పగలగొట్టుకుంటాడు. ఈ ఎనిమిది మందిలో ఒకర్ని సంపుతాడు, లేకుంటే తనే సస్తాడు."

డాక్టరు గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "నెల ముందెట్ల వచ్చింది?" అని అడిగాడు చివరికి, గొంతు తగ్గించి.

"నేనే తెప్పిస్తిని సార్. ఒళ్ళు బలిస్తే మదం ముందే వస్తాదని నాకు పని నేర్పిన ముసలి మావటి జెప్పేవాడు. మీరు గూడా తగ్గించమంటిరి. పెట్టెలోకి రావాలని మేపితిని. మళ్ళా పెట్టలేను గదా అని ఇంకా మేపితిని." అంటూ అక్కడే కింద కూర్చుండిపోయాడు.

ఎక్కించడం ఆపారు. సాయంత్రం నాలుగింటికి కొండడి రెండు కణతలూ నల్లగా కారాయి. చీకటి పడకముందే కొట్టం గోడ ఇటుకలు రాల్చాడు. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. నెల తిరక్కుండానే ఆ జూ వాళ్ళు ఇంకోచోట నుంచి మగ ఏనుగును తెచ్చుకున్నారని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం కూడా ఫైల్లో పెట్టి తాడు కట్టాను. ఓబయ్య మీద మెమో రాయమని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా రాసేవాణ్ణి కాదేమో. నాకంత ధైర్యం ఉందని ఇప్పుడు చెప్పుకోవడం సులువు.

మార్చి ముప్పై ఒకటిన ఓబయ్య రిటైరయ్యాడు. మాలలు వేశాం, శాలువా కప్పాం, ఉప్మా తిన్నాం. అప్పటికి కొండడు ఇంకా మదంలోనే ఉన్నాడు. చెప్పి వస్తానని కొట్టం దాకా నడిచాడు ఓబయ్య. నేనూ వెంట వెళ్ళాను. మమ్మల్ని చూడగానే కొండడు గొలుసులు తెంచుకునేలా మీదికొచ్చాడు. తొండంతో మట్టి పెళ్ళ ఎత్తి ఓబయ్య మీదికే విసిరాడు. అది శాలువా మీద పడింది. ఇరవై నాలుగేళ్ళు పెంచిన మనిషి ఆ మట్టి దులుపుకోవడం కూడా మరిచిపోయాడు.

"నన్ను ఆనవాలు పట్టలే సామీ," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అతనికి రాలేదు.

మర్నాటి నుంచి అతను గేటు దగ్గర టికెట్టు కొని రావడం మొదలుపెట్టాడు. రిటైరైనవాళ్ళను కొట్టం దగ్గరికి రానివ్వకూడదు. పిల్లల్ని ఎత్తుకున్న జనం మధ్య, కందకం ఇవతల కమ్మీ పట్టుకుని నిలబడేవాడు. పిలిచేవాడు కాదు. ఎందుకు టికెట్టు, ఊరికే రమ్మని గేటు మనిషి బతిమాలినా వినలేదు. ఏప్రిలంతా వచ్చాడు.

మే మొదటివారంలో మదం దిగింది. గొలుసులు విప్పారు. ఆ రోజు నేను పనిగట్టుకుని వెళ్ళి ఓబయ్య పక్కన నిలబడ్డాను. కొండడు నీళ్ళ తొట్టి దగ్గర్నుంచి తలెత్తి చూశాడు. తొండం పైకెత్తి గాలి పీల్చాడు. తర్వాత గబగబా కందకం అంచు దాకా వచ్చేసి, ముందుకాళ్ళు అంచున పెట్టి, తొండం మా వైపు చాచి కడుపులోంచి గుర్రుమని పలకడం మొదలుపెట్టాడు. జనం సెల్‌ఫోన్లు తీశారు. ఓబయ్య ఒక్క క్షణం చూశాడు. చూసి, వెనక్కి తిరిగి, ఆ అరిగిన మోకాళ్ళతో గేటు వైపు నడిచాడు. నేను వెనకే పరిగెత్తాను.

"ఏందన్నా, నిలబడు! నిన్ను ఆనవాలు పట్టినాడు గదా! దీనికోసమే గదా నెల్నాళ్ళుగా తిరిగింది?"

"అందుకే పోతాండా," అన్నాడు ఆగకుండా. "రేపు గూడా వస్తే ఎల్లుండి ఎదురుజూస్తాడు. నేను రాని పొద్దు మేత ముట్టడు. నాకోసరం వాణ్ణి ఒకసారి ఈడ నిలబెట్టినా సామీ. అది సాలు."

వెనక కొండడు ఇంకా పలుకుతూనే ఉన్నాడు. ఓబయ్య తల తిప్పలేదు. మర్నాడు టికెట్లు ఇచ్చే వేళకు గేటు దగ్గరికి వెళ్ళి చూశాను. రాలేదు. ఆ తర్వాత అతను టికెట్టు కొనలేదు.

కొండడు మాత్రం పదకొండు రోజులు కందకం అంచునే నిలబడ్డాడు.