బ్యాంకు గన్‌మ్యాన్

నిన్న టీవీలో పాత కౌబాయ్ సినిమా వచ్చింది. ముసలి తుపాకీవీరుడు నడుం పట్టుకుని గుర్రం దిగుతున్నాడు.

చిత్తూరులో ఇంగ్లీషు సినిమాలకు నేల టికెట్లో కూర్చుని, మాటలు అర్థం కాకపోయినా ఈలలు వేసేవాళ్ళం, గుర్తుందా? నేను మీ బడిలో కొత్తగా చేరిన రోజులు. అలాంటి సీను రాగానే మీలో ఒకడు వెనక బెంచీ వైపు చూపించాడు.

"రేయ్, ఆడ సూడండ్రా, బ్యాంకు గన్‌మ్యాన్ తాత! ఆయప్పా అంతే, అద్దాలు లేకుంటే తూటా దూర్చలేడు!"

అందరితోపాటు నేనూ నవ్వాను. డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చిన ఆయన మా నాయన. ఆ మాట మీకు చెప్పలేదు. ఆయన పోయేదాకా నా భార్యకూ చెప్పలేదు.

మీరంతా వెళ్ళాక నాయన సైకిలు వెనక ఎక్కి, దారిలో ఏడ్చాను.

"సినిమానే నవ్వొచ్చేదిలే అబ్బయ్యా. నేనూ నవ్వినా," అన్నాడు.

ఆయన నవ్వలేదు. హాల్లో మీరు నవ్వుతున్నప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను.