తేమ పదకొండు

మా సారు ఆళ్లగడ్డలో పోయారని మొన్న ఉదయం ఫోన్ వచ్చింది. నేను వెళ్లేసరికి చర్చిలో ప్రార్థన అయిపోయింది. సమాధి దగ్గర నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు నలుగురిలో మాట రాదు. అందుకే ఇది రాస్తున్నాను.

సారు బడిలో లెక్కలు చెప్పేవారు. ఎనభైల చివర్లో, నంద్యాలలో నేను పనిచేసే విత్తనాల గోడౌనుకు కంప్యూటర్ వచ్చింది. దానికి ప్రోగ్రాం రాయడానికి, బడి లేని శనివారాల్లో ఆయన బస్సులో వచ్చేవారు. నేను అక్కడ రోజువారీ లెక్కలు రాసేవాణ్ణి. కాలేజీ చూడలేదు. ఆయన పక్కన స్టూలు వేసుకుని, ప్రోగ్రాం రాసే భాష పాస్కల్ నేర్చుకున్నాను.

సారు భయస్తుడు. రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకునేవారు. తాళం వేశాక లాగి చూసి, నన్ను కూడా లాగి చూడమనేవారు. ప్రోగ్రాం నడపబోయే ముందు ఆయన పెదవులు కదిలేవి.

పాస్కల్ నాకు మొదట్లో మొండిదనిపించింది. అంకె ఉండాల్సిన చోట అక్షరం పెడితే ఒప్పుకోదు. "మంచిదేలేప్పా, అది మనకంటే ఎక్కువ భయపడతాది" అనేవారు సారు. పాయింటర్ నేర్పేటప్పుడు చూపుడువేలు చాపేవారు. "ఇది సరుకు కాదు. సరుకు యాడుందో చూపించే వేలు. చూపించేదానికి ఏమీ లేకుంటే మడుచుకో. ఊరికే చాపితే ఎవురి కంట్లో పొడుస్తాదో." టీ తాగేటప్పుడు కూడా ఆ వేలు మడిచే ఉంచేవారు.

అంత మొండి భాషలోనూ కాపలా లేని తలుపు ఒకటుంది. అది వేరియంట్ రికార్డు. మా జొన్నల లాట్లు రెండు రకాలు: విత్తుకునేవి, తినేవి. విత్తనాలకైతే పట్టించిన మందు నంబరు రాయాలి. తిండిగింజలకైతే తేమ శాతం రాయాలి. చోటు కలిసొస్తుందని సారు ప్రోగ్రాంలో ఆ రెండు అంకెలకూ ఒకే గది పెట్టారు. గదిలో ఉన్నది ఏ అంకో ముందుండే గుర్తు చెప్పేది. "గుర్తు మారిస్తే లోపలుండేది మారదప్పా" అని సారు చాలాసార్లు హెచ్చరించారు.

ఒక శనివారం ఉదయం కంప్యూటర్ అచ్చేసిన లాట్ల చీటీలు తిరగేస్తూ సారు ఆగిపోయారు.

"ఇది సంజామల నించి వచ్చిన లాటు. ఇది గడివేములది. రెండిటికీ తేమ పదకొండే ఎట్లుంటాది?"

"ఎండ అందరికీ ఒకటే కదా సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. "మందు నంబర్లలో పదకొండు ఏంది?"

మందుల పట్టిక తీసి చూశాను. పదకొండు ఆ ఏడాది జొన్న విత్తనాలకు పట్టించిన విషం.

మేనేజరును అడిగాం. "మొలక రాలేదని తిండికి మార్చినా. ఒక బటన్ నొక్కితే మారేటట్టు మీరే చేసినారు గదా సారూ. మందు పట్టించినట్టు చీటీలో యాడుంది?" అన్నాడు.

చీటీలో లేదు. గుర్తు మారగానే మందు నంబరు తేమగా అచ్చయింది. ఎండిన జొన్నలకు పదకొండు శాతం సరైన తేమే. ఎవరికీ అనుమానం రాలేదు. విషమని చూడగానే తెలిసేలా మందులో కలిపే రంగు కూడా ఆ ఏడాది దొరకలేదు.

సారు కంప్యూటర్లో మొదటి లాటు నుంచి పాయింటర్లు పట్టుకుని చివరిదాకా వెతికారు. మారింది ఆ రెండే. గడివేములది గోడౌనులోనే ఉంది. సంజామలది ముందురోజే ఆళ్లగడ్డలో ఒక పిల్లల హాస్టలుకు వెళ్లింది.

ఫోన్ కలవలేదు. మేనేజరు స్కూటరు మీద నేనూ సారూ బయలుదేరాం. వెనక కూర్చున్న సారు నా చొక్కాను పిడికిట్లో పట్టుకున్నారు. "రాసింది నేనే గదప్పా" అన్నారు. దారంతా అదే మాట.

హాస్టల్లో వంటమ్మ ఎసరు పెట్టుకుని కూర్చుంది.

"నిన్న వచ్చిన జొన్నలు యాడమ్మా?"

"ఒక సంచి గిర్నీకి పంపించినా, సంగటికి. పిండి ఇంగా రాలేదు. ఏందప్పా అట్ల ఉరకతాండారు?"

సారు ఏదో అడగబోయారు. ఆయన అడగాలనుకున్నది నేను అడిగాను.

"రాత్రి పిల్లోళ్లకు ఏం పెట్టినావు?"

"అన్నమే. ఆ సంచి పొద్దున గదా విప్పింది."

మిగతా సంచులు ముట్టొద్దని చెప్పి గిర్నీకి పరుగెత్తాం. గిర్నీవాడు బయట బీడీ తాగుతున్నాడు.

"పొద్దున్నించి కరెంటు లేదు సార్. రాంగానే ఫస్టు మీదే ఆడిస్తా. తొట్టిలో పోసే పెట్టినా."

సారు తొట్టిలోకి రెండు చేతులూ పెట్టి గింజలు సంచిలోకి తోడసాగారు. చేట ఇస్తానన్నా వినలేదు. మూలల్లో ఇరుక్కున్నవి గోటితో తీశారు.

తర్వాత సారు ఆ బటన్ తీసేశారు. రకం మార్చాలంటే పాత రికార్డు తుడిచేసి, సరుకు మళ్లీ పరీక్ష చేసి, కొత్తది రాయాల్సిందే. విసుగ్గా ఉందని మేనేజరు గొణిగితే, "విసుక్కో నాయనా" అన్నారు. ఆ భయం నాకూ అంటించారు. ఈనాటికీ ఏ అంకె మరీ సరిగ్గా కనబడినా, అది దేని అంకె అని అడగకుండా ఉండలేను. దానికి ఆయనకు ఎప్పుడూ కృతజ్ఞత చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం తొట్టి ఖాళీ అయ్యాక సారు సంచి పక్కనే నేల మీద కూలబడ్డారు. "చేతులు కడుక్కో సార్, మందంట గదా" అన్నాడు గిర్నీవాడు. సారు లేవలేదు. కాసేపటికి కరెంటు వచ్చింది. గిర్నీని తిప్పే తోలు పట్టా ఒక్కసారి ఉలిక్కిపడి ఉత్తినే తిరగసాగింది. సారు ఆ తిరిగే పట్టాను చూస్తూ, రెండు చేతులతో సంచి మూతిని ఇంకా గట్టిగా బిగించి పట్టుకున్నారు.