వెంకటరాయప్ప చెప్పుకునే బాధ

"...వియ్యంకుల పంక్తిలో ఆ మాట ఎత్తుతారా ఎవురైనా? పాయసం వడ్డిస్తా ఉంటే!"

"పోసుకునేది తప్పు కాదంట, చెప్పుకునేది తప్పంటనా?"

వంటింట్లో కొత్తిమీర తుంచుతున్న నళిని అత్తామామల గొడవకు నవ్వాపుకోలేకపోయింది. మామ వెంకటరాయప్పకు ఒక్కటే పిచ్చి: తన మూత్రం సంగతి ఊరందరికీ చెప్పడం. నిరుడు కరోనా వచ్చి తగ్గాక మొదలైంది. కాటన్‌పేటలో తాతల నాటి నుంచి తువాళ్ళమ్ముతున్న వంశం అది. తుమ్మొస్తే లోపలికెళ్ళి తుమ్మి వచ్చేంత గుట్టు వాళ్ళది.

ఆనేకల్ నుంచి బేరానికొచ్చిన ఒకాయన తువాలు అంచు పట్టి చూస్తుంటే, "నేత సంగతి ఉండనీప్పా, నీకు ధార ఎట్లుండాది?" అన్నాడు. వచ్చినాయన దిక్కులు చూశాడు. తర్వాత దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి తన బాధ మొదలుపెట్టాడు. ఇద్దరూ భోజనాల వేళకు గానీ లేవలేదు. తువాళ్ళ ఊసే లేదు.

పెళ్ళిళ్ళలో పంక్తి చివరే కూర్చుంటాడు. "నడుమలో లేస్తే నీ విస్తరి దాటాల కదప్పా" అని పక్కవాడికి కారణం కూడా చెబుతాడు.

ఎక్కడ మొదలైనా ముగింపు మాత్రం ఒక్కటే. "ఆ జ్వరం కొందరు మగోళ్ళని కింద కూడా పట్టుకుంటాదంట. మూత్రమే కాదు, పిల్లల సంగతి కూడా. శానామందికి కొన్నాళ్ళకి సర్దుకుంటాదంట. సిగ్గుపడకుండా చూపించుకోవాల, అంతే."

అక్కడికి రాగానే కొడుకు దేవరాజ్ తువాళ్ళ కట్టల్లోకి తల దూర్చేవాడు.

అదే జ్వరం దేవరాజ్‌కూ వచ్చింది. తగ్గాక అతను భార్యతో కూరల మాట, ట్రాఫిక్ మాట, అన్నీ మాట్లాడాడు. దగ్గరికి రావడమే తగ్గించాడు. గోడవైపు తిరిగిన ఆ వీపు మీద వేద్దామని లేచిన నళిని చెయ్యి, ప్రతిసారీ దుప్పటి సర్ది వెనక్కొచ్చేది. ఎదురింటి బాల్కనీలో చిన్న చిన్న చొక్కాలు ఆరేస్తే, అవి ఆరి లోపలికి పోయేదాకా ఆమె చూపు అక్కడే.

మందు మాత్రం ఆ ఇంట్లో కోడళ్ళకే. అత్త భాగీరథమ్మ వారం వారం ఆమెను నాగరకట్ట దగ్గరికి తీసుకెళ్ళి, పిల్లలు కలగాలని నాగరాళ్ళకు పాలు పోయించేది.

ఆ రోజూ గొడవ ముగించి వంటింట్లోకొచ్చిన అత్త పాలచెంబు తీస్తుంటే నళిని అడిగింది. "అత్తా, మామకి ఇంకా తగ్గలేదే. పెద్ద ఆస్పత్రిలో చూపిస్తే?"

"ఎవురికి, ఆయనకా? ఎప్పుడో తగ్గిపాయ! పడుకుంటే తెల్లారేదాకా కదలడు. ఆ గురకకి నేనే లేస్తా ఉండాను."

నళిని చేతిలో కొత్తిమీర అలాగే ఉండిపోయింది. దేవరాజ్ పనిమీద ఊరెళ్ళిన రోజుల్లో మామ ఎవరినీ ఏమీ అడగలేదు. కొడుకు కొట్లో అడుగుపెడితేనే ఆయనకు బాధ మొదలయ్యేది. ఆ పాయసం పంక్తిలోనూ కొడుకు పక్కనే ఉన్నాడు.

హాల్లోంచి వెంకటరాయప్ప మూలుగు వినిపించింది. "అబ్బా, ఈ తిప్పలు పడలేను. రేపు డాక్టరు దగ్గరికి పోవాల. తోడెవురొస్తారప్పా?"

"మీకేం రోగ..." అంటూ హాల్లోకి కదిలిన భాగీరథమ్మ చెయ్యి నళిని గట్టిగా పట్టుకుంది.

హాల్లోనే దేవరాజ్ పేపరు చదువుతున్నాడు. దాన్ని మడిచి, లేచి, వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"నాయినా, నువ్వు కొట్లో ఉండు. నళినీ, పొద్దున్నే తయారవ్వు. ఇద్దరం పోదాం. చూపించుకునేది నేను."