చింతపండుతో తోమిన విమానం

మొన్న శనివారం పొద్దున కళ్లజోడు కోసం మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెడితే మందుల డబ్బా, చిన్న బైబిలు, వాటి అడుగున ప్లాస్టిక్ కవర్లో చుట్టిన నిమ్మకాయంత చింతపండు ఉండ తగిలాయి. ఆ పూట మేం ఎక్కడికి బయలుదేరుతున్నామో గుర్తొచ్చి నా గుండె గుభేలుమంది. ఊరి బయట పాత ఎయిర్‌ఫీల్డులో ఉన్న మ్యూజియానికి మా అమ్మాయి కూతురు మమ్మల్ని తీసుకువెళ్తానంది. ఆ మ్యూజియంలో ఒక అద్దాల పెట్టె ఉంది, ఆ పెట్టెలో ఒక ఇత్తడి రేకు ఉంది, ఆ రేకుకూ మా ఆవిడకూ చింతపండుకూ నలభై ఏళ్లుగా ఒక లంకె ఉంది. "ఎందుకే ఇది?" అని అడిగితే, "ఊరికే, దగ్గరుంటే మంచిదని" అంది, గొడుగు సంగతి చెప్పినంత మామూలుగా.

మేం కెనడాలోని ఈ సార్నియాకు వచ్చిన కొత్తలో, అంటే మన ఈడువాళ్లమందరం రెండు సూట్‌కేసులూ ఒక ప్రెషర్ కుక్కరూ ఆస్తిగా ఈ దేశంలో దిగిన రోజుల్లో, నాకు కెమికల్ ప్లాంటులో ఉద్యోగమైతే దొరికింది గానీ అక్కడికి చేరే దారే దొరకలేదు. బస్సు అన్నది ఉందని అందరూ చెప్పేవారు, చూసినవాళ్లు మాత్రం తక్కువ. సార్నియాలో కారు లేనివాడికి కాళ్లు లేనట్టే. ఆ మొదటి చలికాలమంతా నన్ను తన ట్రక్కులో ప్లాంటుకు దింపినవాడు మా పక్కింటి పెద్దాయన. రిటైరైన మెకానిక్కు, ఆరడుగుల మనిషి. చేతులు ఎంత కడిగినా గోళ్ల సందుల్లో గ్రీజు పోయేది కాదు. నా దగ్గర ఆయన పుచ్చుకున్నదల్లా ఒకటే, దారి పొడుగునా ఆయన చెప్పే విమానం కథ నేను వినడం. వినక చేసేదేముంది, తలుపు తీసి దూకుదామంటే బయట మైనస్ ఇరవై.

ఆ కథ ఇదీ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ ఎయిర్‌ఫీల్డులో పసుపురంగు చిన్న విమానాల మీద కుర్రాళ్లకు పైలట్ శిక్షణ ఇచ్చేవారు. మీసాలు కూడా సరిగా రాని వయసులో మా పెద్దాయన అక్కడ మెకానిక్కు. ఒక పొద్దున ఆయన తుడిచి, సిద్ధం చేసి పంపిన విమానాన్ని ఎవరో కుర్రవాడు మంచుతుఫానులో దారితప్పి గడ్డకట్టిన చెరువు మీద దింపి, నడుచుకుంటూ ఒక రైతు ఇంటికి పోయి నిక్షేపంగా టీ తాగాడు. తుఫాను తగ్గి, విమానాన్ని తెద్దామని వీళ్లు ఆలోచించేలోగా ఎండకాసి, మంచు కరిగి, విమానం చెరువులో మునిగింది. ఇంజన్ తప్పు కాదని ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నా ఎవరు వింటారు? పెళ్లయి, పిల్లలు పుట్టి, జుట్టు నెరిసినా, ఊళ్లోవాళ్లు ఆయన కనబడితే చాలు, నీ విమానానికి ఈత నేర్పలేదా అని అడిగేవారు.

ఇంతలో ఊరి కౌన్సిలు ఆ ఎయిర్‌ఫీల్డులో మిగిలిన ఒకే ఒక్క విమానాల షెడ్డును, అదే హ్యాంగరును, కూల్చేసి ఆ స్థలం గిడ్డంగులకు ఇద్దామనుకుంది. పెద్దాయన వెళ్లి బతిమాలుకుంటే, ఖాళీ రేకుల షెడ్డును ఏం చేసుకోమంటావు, అక్కడ ఎగిరిన విమానం ఒక్కటి తెచ్చి చూపించు, అప్పుడు ఆలోచిస్తాం అన్నారు. ఆ సాయంత్రం ఆయన మా వంటింట్లో కుర్చీలో కూలబడి, ఆ షెడ్డు పోతే తన కుర్రతనానికి ఈ భూమ్మీద సాక్ష్యం లేదని అన్నాడు. అప్పటిదాకా ఆయన కథను సగం చెవితోనే విన్న నేను ఆ మాటతో ఆయన పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా ఆవిడ చెయ్యి తుడుచుకుని ముందుకొచ్చి, మీ విమానాన్ని చెరువులోంచి మేం లాగుతాం అని మాటిచ్చేసింది. లాగేది ఎవరో నన్ను అడగలేదు.

ఆదివారం ప్రార్థనకు కూడే మా తెలుగు ఫెలోషిప్‌లో ఉన్నవాళ్లం గట్టిగా డజను కుటుంబాలం, ఎక్కువమంది గుంటూరు, కృష్ణా జిల్లాలవాళ్లం. నడిచలికాలంలో, మంచు మందంగా ఉన్నప్పుడు దానికి పెద్ద కన్నం కోసి, ట్రక్కుకు కట్టిన వించితో, అంటే తాడు చుట్టి లాగే యంత్రంతో, లాగాలనీ, మేం పక్కతాళ్లు పట్టుకుని విమానం వంగిపోకుండా చూడాలనీ ఏర్పాటు. అంతా సిద్ధమయ్యాక మా సంఘపెద్దగారు ఒక్క మాట ప్రార్థన చేద్దామన్నారు. ఆయన ఒక్క మాట ఎంత పొడుగో మాకు తెలుసుగానీ పెద్దాయనకు తెలియదు, పాపం టోపీ తీసేసి నిలబడ్డాడు. సంఘపెద్దగారు పైలట్ల కోసం, మెకానిక్కుల కోసం, చెరువు కోసం, వించి కోసం, కెనడా ప్రభుత్వం కోసం, మా అందరి ఇమ్మిగ్రేషన్ కోసం ప్రార్థించి, తెనాలిలో ఉన్న తమ తోడల్లుడి మోకాలినొప్పి దగ్గరికి వచ్చేసరికి కాళ్ల కింద మంచు టప్పుమని చిట్లింది. "ఆమేన్!" అని మేమందరం ఒకే గొంతుతో అరిచి తాళ్లందుకున్నాం. అంత మనస్ఫూర్తిగా ఆమేన్ చెప్పడం ఆ తర్వాత ఎప్పుడూ ఎరగను. సముద్రం ఒడ్డున పుట్టినవాడొకడు హైలెస్సా అందుకున్నాడు, వించి కూడా ఆ వరసకే కదిలినట్టనిపించింది.

తీరా పైకి వచ్చింది చూస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది. గుడ్డ రెక్కలు ఎప్పుడో కుళ్లిపోయాయి. మిగిలింది ఉక్కు గొట్టాల గూడు, బురద కక్కుతున్న ఇంజను, పైలట్ ముందు బిగించి ఉండే అరచేతంత ఇత్తడి రేకు. ఆ రేకు మీదే విమానం నంబరు ఉంటుందిట, అది కనబడితేగానీ ఈ విమానం ఎక్కడిదో తేలదుట. కనబడితే కదా, అది అట్లపెనం అడుగులా నల్లగా మాడిపోయి ఉంది. రాజధాని ఒట్టావా నుంచి పాత విమానాల నిపుణుడు ఒకడు వచ్చి చూసి కౌన్సిలుకు రిపోర్టు ఇస్తాననీ, అందాకా దాన్ని ఎవరూ ముట్టకూడదనీ, పొడిగుడ్డతో కూడా తుడవకూడదనీ ఫోనులో గట్టిగా చెప్పాడు. ఇంకొక్క ఇనుపముక్క గడప దాటినా ఊరుకోనని పెద్దాయన భార్య చెప్పేయడంతో, రేకు తువ్వాలులో చుట్టుకుని మా డైనింగ్ టేబుల్ మీదికి వచ్చింది.

ముట్టకూడదన్న మాట మా ఆవిడ కూడా విన్నది. కాకపోతే అది మగవాళ్లకు చెప్పిన మాట అనుకుంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఫెలోషిప్‌లో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభురాత్రి భోజనపు ఇత్తడి గిన్నె తోమే బాధ్యత ఆమెది. నెలనెలా మొదటి ఆదివారానికి ముందు రోజు దాన్ని తళతళలాడించకపోతే ఆమెకు నిద్ర పట్టదు. ఇత్తడి నల్లగా ఉండటం అంటే ఆ ఇంటి ఇల్లాలికే అవమానమని ఆమె సిద్ధాంతం. నిపుణుణ్ణి రైలు స్టేషను నుంచి తీసుకురావడానికి నేనూ పెద్దాయనా వెళ్లాం. తిరిగి వచ్చి చూస్తే, టేబుల్ మీద తెల్లటి లేసుగుడ్డ, దాని మీద ఒక పక్క గారెలు, ఇంకో పక్క సూర్యబింబంలా ఆ రేకు!

నిపుణుడు గుడ్లు తేలేశాడు. "ఇంటికి గెస్టులొస్తుంటే ఆ మసిరేకు టేబుల్ మీద పెట్టుకుంటామా అండీ? కాసేపు చింతపండులో నానబెట్టి, ఉప్పేసి తోమాను. ఎంత నీట్‌గా వచ్చిందో చూడండి" అంది మా ఆవిడ. ఆ రోజుల్లో మన చింతపండు కావాలంటే టొరాంటో వెళ్లాలి. నా చారులోకి గోరంత వేయడానికి పది ఆలోచనలు చేసే మనిషి, దీనికి మాత్రం పిడికెడు పోసింది. నిపుణుడు తల పట్టుకుని కూర్చుని, ఆ నలుపు కూడా చరిత్రేననీ, అది ఇన్నేళ్లు నీటిలో ఉన్నదనడానికి ఆ పొరే ఆధారమనీ, ఇప్పుడు దీన్ని నిన్న బజారులో కొన్నదంటే కాదనలేననీ చెప్పాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమే. హ్యాంగరు మా వంటింటి సింకులోనే కొట్టుకుపోయిందనుకున్నాను. మా ఆవిడకు ఇంగ్లీషు సగమే అర్థమైనా ఆయన ముఖం పూర్తిగా అర్థమైంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అప్పుడు పెద్దాయన మెల్లగా రేకును చేతిలోకి తీసుకుని, అందులో తన ముఖం చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. తమ సార్జెంటు రోజూ పొద్దున్నే దీన్ని తన చేత తోమించేవాడనీ, ముఖం కనబడకపోతే మళ్లీ తోమించేవాడనీ, ఆ పొద్దున కూడా ఇది ఇలాగే ఉందనీ, ఇలాగే పంపించాననీ కన్నీళ్లు తుడుచుకుంటూ చెప్పాడు. ఆ పెద్దమనిషి ఏడవడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. నిపుణుడు భూతద్దం తీసి నంబరు చూశాడు. గారెలు తిన్నాడు. రేకు మితిమీరి శుభ్రపడిందనీ, అయినా ఇంజనూ గూడూ రేకూ ఒకే విమానానివేననీ, ఆ నంబరు ఈ ఎయిర్‌ఫీల్డుదేననీ రిపోర్టు రాశాడు. చింతపండు పేరు మాత్రం మా ఆవిడ చేత పలికించుకుని మరీ రాసుకున్నాడు, ఇంకెవరూ ఆ పని చేయకుండా హెచ్చరించడానికట.

కౌన్సిలు మీటింగులో ఆ రిపోర్టును ఎంతమంది చదివారో నాకు అనుమానమే. రేకు మాత్రం చేతులు మారింది. అందుకున్న ప్రతివాడూ అందులో చూసుకుని ఒకడు టై సర్దుకున్నాడు, ఒకడు మీసం దువ్వుకున్నాడు, ఒకావిడ లిప్‌స్టిక్ సరిచేసుకుంది. హ్యాంగరు నిలిచింది, మెల్లగా మ్యూజియం అయింది. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ విమానానికి ఈత సంగతి ఎత్తలేదు.

మొన్న వెళ్తే, చుట్టూ గిడ్డంగులు లేచి మధ్యలో ఆ హ్యాంగరు ఒదిగి నిలబడి ఉంది. గిడ్డంగుల్లో షిఫ్టు దిగిన మన తెలంగాణ, ఆంధ్ర పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లతో కార్ల వైపు పోతున్నారు. ఇప్పుడు చింతపండు పక్క వీధిలోనే దొరుకుతుంది. మా ఫెలోషిప్‌కు సొంత బిల్డింగు, స్క్రీను, మైకులు వచ్చాయి. ఒక తాడు పట్టుకోవడానికి పదిమందిని పిలిస్తే మాత్రం అందరి క్యాలెండర్లూ చూడాలి. సంఘపెద్దగారి అంత పొడుగు ప్రార్థన వినే ఓపిక కూడా ఎవరికీ లేదు, అది మాత్రం మంచికే అనుకోండి.

అద్దాల పెట్టెలో రేకు మళ్లీ నల్లబడింది. దాన్ని అలాగే వదిలేయడమే పద్ధతని అక్కడి అమ్మాయి చెప్పింది, చదువుకున్న పిల్ల, తప్పు చెప్పదు. మా ఆవిడ చెయ్యి బ్యాగులోకి వెళ్లడం చూసి మనవరాలు, "అమ్మమ్మా, ప్లీజ్! డోంట్ ఈవెన్ థింక్ అబౌట్ ఇట్!" అంది. మా ఆవిడ చెయ్యి బయటికి తీసి, శాలువా కొసతో అద్దం మాత్రం తుడిచి, వంగి అందులో తన ముఖం కోసం వెతుక్కుంది. నేనూ పక్కకు వెళ్లి వంగాను. ఏమీ కనబడలేదు. పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది, ఆ నిపుణుడూ, మీసాలు దువ్వుకున్న ఆ కౌన్సిలువాళ్లూ లేరు. ఆ రేకు మెరుస్తుండగా చూసినవాళ్లం ఇక మేమిద్దరమే మిగిలాం.