జ్ఞానమణి టీచరు వెనక సీటు

జ్ఞానమణి టీచరుకు కోపం వస్తే అరవదు, గిన్నెలు విసరదు. ఒళ్ళు మండేకొద్దీ ఆవిడ మాట ఇంకా నెమ్మదిస్తుంది, ఇంకా మర్యాదగా మారుతుంది. దానికంటే నాలుగు తిట్లే నయమని ఎదుటివాళ్ళకు అనిపిస్తుంది. తిరువూరు చుట్టుపక్కల బళ్ళలో ముప్పయ్యేళ్ళకు పైగా పాఠాలు చెప్పిన మనిషి. ఆవిడ దగ్గర చదువుకుని ఇప్పుడు మనవల్ని ఎత్తుకు తిరుగుతున్నవాళ్ళు కూడా, "ఏం నాయనా, బాగున్నావా" అని ఆవిడ మెత్తగా పలకరిస్తే ముందు తమ గోళ్ళు చూసుకుంటారు.

అలాంటి మనిషిని కట్టుకున్న మొగుడు పెట్రోలు బంకులో మర్చిపోయి వెళ్ళిపోయాడు.

ఆయన పేరు లాజరు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కండక్టరు "రైట్ రైట్" అనకుండా బస్సును అంగుళం కూడా కదపడని డిపోలో పేరు. సర్వీసు మొత్తంలో ఒక్క ప్రయాణికుణ్ణి కూడా వదిలేసి రాలేదని, పెళ్ళి దగ్గరా చావు దగ్గరా ఎక్కడ నలుగురు చేరినా చెప్పుకునేవాడు. ఊళ్ళో జనాన్నంతా భద్రంగా దింపినవాడికి ఒక్క పెళ్ళాం లెక్కలోకి రాలేదు.

ఈ కోపానికి మూలం కొత్త బండి. కానీ సంగతి పాత బండి దగ్గర మొదలుపెట్టాలి.

పాతది హండ్రెడ్ సీసీ బండి. వాళ్ళ అమ్మాయి మేఘన పుట్టకముందు కొన్నారు. పొడవాటి బల్లపరుపు సీటు, చీర చక్రంలో పడకుండా పక్కన జాలీ గార్డు, ఆడవాళ్ళు రెండు కాళ్ళూ పెట్టుకోవడానికి ఇనప పలక. జ్ఞానమణి జీవితం సగం ఆ సీటు మీదే గడిచింది. పరీక్ష పేపర్ల కట్టలు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది. నెలలు నిండిన కడుపుతో, పళ్ళు బిగించుకుని ఆస్పత్రికి వెళ్ళింది. పెనుగొలను నుంచి మామిడికాయల గోతాం, నెమలి తిరునాళ్ళలో కొన్న ఇత్తడి గంగాళం కూడా ఆ బండి మీదే ఇంటికొచ్చాయి. ఆవిడ కూర్చోగానే వెనక స్ప్రింగులు కీచుమని అణిగేవి. లాజరు నడుముకు ఆ సంగతి తెలిసేది. అప్పుడు ఆవిడ ఆయన భుజం మీద ఒక్కసారి తట్టేది. అంటే రైట్. బండి కదిలేది.

రిటైరయ్యాక లాజరు చేతిలోంచి స్టీరింగు పోయి సెల్‌ఫోను వచ్చింది. అందులో ఎవరో గడ్డాల కుర్రాళ్ళు మంచుకొండల్లో పెద్ద పెద్ద బండ్లు తోలుతూ కనిపించారు. టిఫిను దగ్గర మంచుకొండలు, మధ్యాహ్నం కునుకు ముందు మంచుకొండలు. మే నెల తిరువూరులో ఫ్యాను కింద పడుకుని మంచు చూస్తున్నాడు, పోనీలే అనుకుంది జ్ఞానమణి. ఒకరోజు ఇంటిముందు అలాంటి బండే దిగింది. అడ్వెంచర్ బండి అట. ముక్కు ముందుకు సాచి, గోడెక్కిన కోడిపుంజులా నిలబడింది. ముందు అద్దం, హ్యాండిలుకు డాళ్ళు, పక్కన రెండు పెట్టెలు, దారి చూపించే తెర. కిక్కు లేదు. రిజర్వు మీట లేదు. చీర గార్డు ఉండాల్సింది, అందం చెడిపోతుందని దాన్ని ఆయనే పీకేయించాడు. సీటు రెండు ముక్కలు. తోలేవాడిది నేల మీద, వెనకవాళ్ళది మేడ మీద.

"నీళ్ళలో ఇంతెత్తు దాకా దాటిద్దంట," అని మోకాలు చూపించాడు లాజరు. "కట్లేరు పొంగినా మనకి ఢోకా లేదు."

"వాగు పొంగితే మనుషులు ఇంట్లో కూర్చుంటారండీ," అంది జ్ఞానమణి. "పకోడీలు వేసుకుంటారు."

నిజం ఒప్పుకోవాలి కాబట్టి ఒప్పుకుంటాను, ఆ బండి బ్రేకు మాత్రం గొప్పది. బోసుబొమ్మ సెంటర్లో గేదె అడ్డం వస్తే పాత బండి అయితే దాని డొక్కలో ఉండేది, ఇది చెప్పినచోట ఆగింది. జ్ఞానమణి కూడా కాదనలేదు. కాదనలేకపోయినందుకు మరింత మండింది.

కానీ ఎక్కడం ఎలా? ఆవిడ కుడి మోకాలు అరిగింది. కట్టేది చీర. సీటు నడుమెత్తున ఉంది. దానికి లాజరు ఒక ఉపాయం కనిపెట్టి, మంచుకొండ ఎక్కినంత గర్వపడ్డాడు. వంటింట్లో ప్లాస్టిక్ స్టూలు తెచ్చి దాని కాలికి నైలాను తాడు కట్టాడు. ఆవిడ స్టూలెక్కి, స్టూలు మీంచి బండెక్కి, ఆ తర్వాత బావిలోంచి చేద లాగినట్టు స్టూలును పైకి లాక్కుని పెట్టెకు తగిలించుకోవాలి. దిగేటప్పుడు ఇదంతా తిరగేసి చేయాలి. సెంటర్లో కూరగాయలవాళ్ళు బేరాలు ఆపి చూసేవారు. ముప్పయ్యేళ్ళు తలెత్తుకు తిరిగిన ఊళ్ళో స్టూలు లాక్కునే గతి పట్టిందని ఆవిడకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అవి ఏడుపువి కావు, ఉక్రోషంవి.

అయినా ఓర్చుకుంది. పాత బండి ఇంకా వరండాలో ఉంది కదా అనేదే ఆవిడ ధైర్యం. ప్రతి శనివారం వినగడపలో స్త్రీల ప్రార్థన కూడిక నడిపించాలి. ఆవిడ మొదటి ఉద్యోగం అక్కడి బళ్ళోనే. కూడికకు వచ్చేవాళ్ళలో సగంమంది ఆవిడ దగ్గర అఆలు దిద్దినవాళ్ళు. మోజు తీరాక శనివారాలకు పాతదే తీస్తాడు, అది ఉంటే చాలు అనుకుంది. అది కూడా పోతే ఆవిడ ఎక్కడికి వెళ్ళాలన్నా స్టూలే గతి.

లాజరు దగ్గర కండక్టరుగా చేసిన రాయప్ప పెనుగొలనులో ఉంటాడు. గేదెలకు మేత తెచ్చుకోవడానికి ఆ పాత బండి ఇవ్వమని అడుగుతున్నాడు. "ఇవ్వొద్దండీ," అని జ్ఞానమణి ఒకసారి అన్నం పెడుతూ చెప్పింది, ఒకసారి బట్టలు ఆరేస్తూ చెప్పింది. "చూద్దాంలే," అన్నాడు ఆయన, ఫోనులోంచి తలెత్తకుండా.

ఆ శనివారం పొద్దున వినగడప బయల్దేరారు. బంకులో పెట్రోలు కోసం ఆవిడ దిగింది. పంపు చుట్టూ సిమెంటు దిమ్మె ఉంది కాబట్టి ఈసారి స్టూలుతో పనిలేదు. దిమ్మె మీద నిలబడి, ఎక్కుదామని లాజరు భుజం మీద చెయ్యి వేసి కాలెత్తబోయింది. భుజం మీద చెయ్యి పడటమేమిటి, బండి రివ్వున వెళ్ళిపోయింది. ఆవిడ చెయ్యి గాలిలో ఉండిపోయింది. పెట్రోలు కొట్టే నాగేంద్రమ్మ మోచెయ్యి పట్టి ఆపకపోతే దిమ్మె మీంచి పడేది.

"సార్ వెళ్ళిపోయారండి," అంది నాగేంద్రమ్మ నోరు తెరిచి.

"చూశానమ్మా," అంది జ్ఞానమణి.

సెంటరు దాటేలోపు తెలుసుకుని వస్తాడనుకుంది. రాలేదు. ఆవిడ ఫోను, పర్సు, బైబిలు అన్నీ బండి పెట్టెలోనే ఉన్నాయి. నాగేంద్రమ్మ తన ఫోను తీసిచ్చింది. ఆవిడ పుచ్చుకోలేదు.

"నేను వెనక లేనని నేనే ఫోన్ చేసి చెప్పుకోవాలా?"

నడిచి ఇంటికి బయల్దేరింది. ఎదురైన ప్రతివాళ్ళూ "సార్ ఏరండి" అని అడిగారు. "పనుండి వెళ్ళారు," అని మర్యాదగా చెప్పింది. వీధి వీధికీ కోపం పెరుగుతూ వచ్చింది. పాత బండి అయితే ఆవిడ చెప్పులు విప్పినా లాజరుకు తెలిసేది. ఈ కొత్తదానికి మనిషి ఎక్కినా ఒకటే, దిగినా ఒకటే. దాన్ని ఎంచుకున్నవాడికీ ఒకటే కాబోలు. పక్కింట్లో ఉంచిన రెండో తాళంచెవి తీసుకుని, తలుపు తీసి, వరండాలో పాత బండి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

అక్కడ వినగడపలో ఏం జరిగిందో తర్వాత ఆడవాళ్ళు ఫోను చేసి చెప్పారు. లాజరు బండి ఆపాడు. స్టూలు విప్పి, ముందుకూ వెనక్కూ కదిపి, ఊగకుండా కింద పెట్టాడు. "మెల్లగా, మోకాలు చూసుకో," అంటూ తిరిగి చూడకుండానే వెనక్కి చెయ్యి చాపాడు. అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మ చాలాసేపు చూసి, "ఎవరికయ్యా చెబుతున్నావు?" అని అడిగింది. ఆ ఊరికి వారానికి సరిపడా నవ్వు దొరికింది.

లాజరు ఇంటికొచ్చేసరికి ఎండ ముదిరింది. హెల్మెట్టు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"భుజం తట్టావు కదా. తడితే రైటని కదా మనకి."

"ఎక్కుదామని పట్టుకున్నానండీ."

"బరువు తెలియలా. ఇది పెద్ద బండి, స్ప్రింగులు గట్టివి."

"అంత దూరం నేను మాట్లాడలేదని కూడా తెలియలేదా?"

"బండి మీద నువ్వెప్పుడు మాట్లాడతావు?" అన్నాడు లాజరు. నిజంగానే అలా అనుకుంటున్నాడు.

పాత బండి మీద ఆవిడ ఆయన చెవి దగ్గర ఎన్ని చెప్పిందో, బియ్యం సంగతి దగ్గర్నుంచి బిడ్డ పెళ్ళి దాకా, అన్నీ జ్ఞానమణికి ఒక్కసారి గుర్తొచ్చాయి. ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని ఆయన శాంతి అనుకున్నాడు. మనిషి తెలివి అక్కడే తెల్లారింది.

"అన్నట్టు సాయంత్రం రాయప్ప వస్తాడు. పాత బండి తీసుకెళ్ళమని ఫోన్లో చెప్పేశా. నిన్ను అడిగే చెప్పాన్లే."

"ఎప్పుడడిగారు?"

"ఇవాళే. దారిలో."

"ఏ దారిలో?"

"అదే, వినగడప..." లాజరు నోరు అక్కడే ఆగిపోయింది.

జ్ఞానమణి లేచి నిలబడింది. "మీరు అడిగినప్పుడు నేనేమన్నానండీ?" అని అడిగింది, అతి మెత్తగా.

"ఏమనలా," అన్నాడు లాజరు నేల చూపులు చూస్తూ. "సరేననుకున్నా."

ఆవిడకు అసలు కోపం ఆ ఒక్క మాటకు వచ్చింది. బంకులో వదిలేసినందుకు ఇంత కోపం రాలేదు. ఇంటికి ఆ వంకాయరంగు వేయించినప్పుడు "నువ్వు సరేనన్నావు కదా" అన్నాడు. మేఘనను వద్దన్న కాలేజీలో చేర్పించినప్పుడూ అదే మాట. తన చేతికొచ్చిన బదిలీ వదులుకున్నప్పుడూ అదే. ఇన్నేళ్ళలో తను ఎన్నిసార్లు సరేనంది? అందులో తను ఉండి అన్నవెన్ని, తను లేకుండానే ఆయనకు వినబడ్డవెన్ని? ఇవాళ పాపం ఆయన కొత్తగా చేసిందేమీ లేదు. మనిషి లేకపోయినా పని జరుగుతుందని కొత్త బండి రుజువు చేసి చూపించిందంతే.

సాయంత్రం రాయప్ప బస్సు దిగి వచ్చాడు. తోలుకెళ్ళాలని హుషారుగా ఉన్నాడు. జ్ఞానమణి కుర్చీ వేసింది, టీ ఇచ్చింది, గేదెల క్షేమం అడిగింది. గ్లాసు ఖాళీ అయ్యాక చెప్పింది.

"బండి సంగతి మీ అన్నయ్య నన్ను అడగలేదు రాయప్పా. వెనక సీటును అడిగారు. నేను బంకులో ఉన్నాను. సీటు ఒప్పుకుంది."

రాయప్ప నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆపుకున్నాడు.

"మాటంటే మాటే. ఇచ్చిన మాట తప్పించడం నాకూ ఇష్టం లేదు," అంటూ జ్ఞానమణి లోపలికెళ్ళి పానా తెచ్చి రాయప్ప చేతిలో పెట్టింది. కొత్త బండి వైపు చూపించింది. "ఒప్పుకున్నది అదిగో, ఆ పైనున్న ముక్క. విప్పుకెళ్ళు. దాని అవసరం ఈ ఇంట్లో ఎవరికీ లేదు."

లాజరు తన గోళ్ళు చూసుకున్నాడు.

రాయప్ప పానాను జాగ్రత్తగా కుర్చీ మీద పెట్టి లేచాడు. "నాకొద్దులే వదినా," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "నేను రైట్ అనకుండా నువ్వెప్పుడూ బస్సు కదపలేదే అన్నా," అని మెల్లగా అనేసి, ఉన్న బస్సు అందుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా జ్ఞానమణి భర్తతో ఎంతో మర్యాదగా ఉంది. మెతుకు మింగుడుపడనంత మర్యాదగా.

మళ్ళీ శనివారం వచ్చింది. లాజరు చెప్పించుకోకుండానే పాత బండి బయటికి తీసి తుడిచాడు. చోక్ లాగి రెండు కిక్కులు కొడితే దగ్గింది, మూడో కిక్కుకు అందుకుంది. జ్ఞానమణి వచ్చి కూర్చుంది. స్ప్రింగులు కీచుమని అణిగాయి. కాళ్ళు ఇనప పలక మీద పెట్టుకుని, బైబిలు సంచి ఒళ్ళో సర్దుకుంది. ఆయన, ఎప్పటిలా భుజం తడుతుందని చూస్తున్నాడు. ఆవిడ చెయ్యి సంచి మీదే ఉంది.

"కూర్చున్నావా?"

ఆవిడ పలకలేదు.

"జ్ఞానం, కూర్చున్నావా?"

ఎదురింటి ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని చూస్తున్నారు. బండి కొట్టుకుంటూనే ఉంది. స్ప్రింగులు చెప్పాయి, నడుము చెప్పింది, అయినా లాజరుకు గేరు వేయడానికి ధైర్యం చాలలేదు. చివరికి హెల్మెట్టు తీసి, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, పెళ్ళాం ముఖంలోకి చూశాడు.

జ్ఞానమణి ఆయన్ను కాసేపు అలాగే చూడనిచ్చింది.

"రైట్ రైట్," అంది.