చుక్క కళ్ళెం అందుకున్న రోజు

మా చిన్నప్పుడు... అనంతగిరి దాటి లోపలికున్న మా కొండ ఊళ్ళో, పొద్దున్నే పొగమంచులోంచి ముందు చెవులు కనపడేవి. ఆ తర్వాతే చుక్క. నుదుట తెల్లమచ్చ ఉన్న మా పొట్టి గుర్రం అది. సంతకి అల్లం, మిరియాలు మోసేది.

నాకు ఐదో తరగతి అయిపోయింది. పెద్ద బడి కొండ కింద. నాన్నకి పోడు పని, రోజూ నన్ను దింపడం కుదరదు. చుక్కనెక్కి నీ అంతట నువ్వు వెళ్ళగలిగితే సరే, లేదంటే హాస్టలే అన్నాడు. హాస్టలంటే ఇక నాన్నమ్మ పక్కన పడుకోవడం ఉండదు... నాకు అన్నం సయించలేదు.

మా ఊళ్ళో గుర్రమెక్కి తోలేవాళ్ళు లేరు. ముందు మనిషి నడుస్తూ తాడు లాగితే వెనక అది వస్తుంది. మాకు తెలిసిందంతే. నేనూ పైకెక్కి, పద అన్నట్టు కళ్ళెం లాగాను. చుక్క తల పైకెత్తి వెనక్కి నడిచింది! ఇంకా లాగాను... ఇంకా వెనక్కి. అలా పోయి పోయి అల్లం మడిలో పడ్డాం. ఒళ్ళు మండి పగ్గాలు వదిలేస్తే, తీరుబడిగా గడ్డి మేసింది మహాతల్లి.

అరుగు మీద నాన్నమ్మ నవ్వి నవ్వి, మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చింది. తన పుట్టింట్లో గుర్రమెక్కి తిరిగేవాళ్ళట.

"ముందున్నోళ్ళు లాగితే వత్తాది గానీ, మీదున్నోళ్ళు లాగితే ఎటెల్తాదే గుంటా? గెడ్డ నీళ్ళు దాటేటప్పుడు నా సెయ్యి ఎలగ పట్టుకుంటావు? లాగవు, వదలవు. అలగే పట్టు."

పగ్గాలు మళ్ళీ అందుకుని, కాళ్ళతో మెల్లగా అదిమాను. చెవులు ముందుకి నిక్కాయి. ఒక అడుగు... ఇంకో అడుగు. మెడ వంచి, కళ్ళెం నములుతూ, నా చేతుల్ని తనే వెతుక్కుంటున్నట్టు ముందుకి నడిచింది చుక్క. పగ్గాల్లో దాని నోరు మెత్తగా తెలుస్తోంది... అచ్చం నాన్నమ్మ వేళ్ళలా. అలా మంచులోకి తేలిపోయాం. వెనక్కి చూస్తే నాన్నమ్మ కనపడలేదు. "బద్రం గుంటా" అన్న మాట మాత్రం వినపడింది.

పదో తరగతి దాకా ఇంటి దగ్గరుండే చదివాను. తర్వాత కాలేజీకి విశాఖ బస్సెక్కిన రోజు, నాన్నమ్మ కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. లాగలేదు... బస్సు కదిలేదాకా వదలనూ లేదు.

ఇప్పుడు మా ఊరికి సిమెంటు రోడ్డుంది. గుమ్మం దాకా ఆటో వస్తుంది. చుక్క లేదు, నాన్నమ్మా లేదు.

వచ్చే వారం మా పాప హాస్టల్‌కి వెళ్తోంది. నేనేమో దాన్ని వెనక్కే లాగుతున్నాను...

మీ పిల్లల్ని పంపేటప్పుడు మీరెలా పట్టుకున్నారు? చెప్పండి.