నల్లబల్ల మీద మూడు వరసలు

చేపలు పట్టే మనిషి కల్లాకపటం లేకుండా నోరు విప్పే సందర్భం ఒక్కటే: చేప చేతిదాకా వచ్చి జారిపోయినప్పుడు తిట్టే తిట్టు. మిగతావన్నీ కోతలే. చేప పడితే చోటు గురించి అబద్ధం, పడకపోతే చేప గురించి అబద్ధం. ఏ దేశంలో ఏ ఒడ్డున కూచుని విన్నా ఇదే వరస. దీన్ని దుర్మార్గం అనడానికీ లేదు. నాటు వైద్యుడు మూలిక పేరు దాచుకున్నట్టే వీళ్లు నీళ్లని దాచుకుంటారు.

ఈ సంగతి గాలాలక్కకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. బస్టాండు నుంచి పడవల రేవుకి దిగే వీధిలో, చెప్పులు కుట్టే దుకాణానికీ ఐసు గోదాముకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆవిడ కొట్టు. చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి. గాలాలు, సీసపు గుండ్లు, బెండ్లు, నైలాను తాడు చుట్టలు, మట్టి కప్పిన డబ్బాల్లో వానపాములు. తను పనిచేసే తాళ్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక నలభయ్యో ఏట పెట్టింది ఈ కొట్టు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "అడిగినవాడు నాకు నచ్చలేదు, నచ్చినవాడు నన్ను అడగలేదు" అని తనే ముందు నవ్వేస్తుంది. ఈ ఇరవై రెండేళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా నీళ్లలో గాలం వేసి ఎరగదు. పడవెక్కితే వాంతి, కొండ బస్సెక్కితే మలుపు మలుపుకీ కళ్లు తిరగడం.

అయినా ఆ చుట్టుపక్కల చేప ఎక్కడ, ఎప్పుడు పడుతుందో తెలుసుకోవాలంటే అందరూ వచ్చి చూసేది ఆవిడ గుమ్మం పక్కనున్న నల్లబల్లనే. పొద్దున్నే సుద్దముక్కతో మూడు వరసలు రాస్తుంది: సముద్రం, మొగ, కొండ. గంట ప్రయాణంలో ఉప్పునీళ్ల నుంచి వేళ్లు కొంకర్లు పోయే వాగుల దాకా ఎక్కిపోయే నేల అది. పైన వాన కురిస్తే, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర మూడో రోజుకి చేప దారి మార్చుకుంటుంది. అందుకే మూడూ కలిపి చూడాలి. "సముద్రం: తెల్లరాళ్ల దగ్గర కానాగంతలు, పోటు తిరిగాక అరగంట. మొగ: ఇవాళ వద్దు. కొండ: పై చెరువు, ఎండెక్కక ముందు." అంతకు మించి ఒక్క ముక్క ఉండదు. అది ఒక్కనాడూ తప్పలేదు.

ఎలా తెలుస్తుందావిడకి? జనం చెప్పేది విని కాదు, చెప్పేటప్పుడు వాళ్ల కాళ్లు చూసి.

"ఏం పడ్డాయయ్యా?" అని అడుగుతుంది, కొట్లోకి వడ్రంగి రాగానే.

"నా మొహం పడ్డాయక్కా! పొద్దస్తమానం రాళ్ల దగ్గర కూచుంటే నడుం పట్టేసింది."

రాళ్ల దగ్గర కూచున్నవాడి ప్యాంటు మీద ఉప్పు చారలు కట్టాలి. ఇతని ప్యాంటుకి మోకాలి దాకా ఎర్రమట్టి. పిక్క మీద జలగ కరిచిన ఎర్ర చుక్క. అడిగినవేమో పదహారో నంబరు గాలాలు, వాగులో చుక్కచేపకి తప్ప ఎందుకూ పనికిరానంత చిన్నవి. అవీ రెండు పొట్లాలు. చేప పడనివాడు రెండు పొట్లాలు కొనడు.

"అయ్యో పాపం. అయితే రాళ్ల దగ్గర ఇప్పుడు జలగలు కూడా ఉంటున్నాయన్నమాట."

వడ్రంగి గబుక్కున కాలు వెనక్కి లాక్కుంటాడు. "నువ్వు పోలీసుల్లో చేరాల్సిందక్కా. మాలాంటి అమాయకుల మీద పడ్డావు."

మర్నాడు బల్ల మీద "కొండ: పై వాగు, రెండో మలుపు" అని ఉంటుంది. తన చోటు పోయిందని వడ్రంగి తిట్టుకుంటాడు. ఆ సాయంత్రమే ఇంకొకడి చోటు చదువుకుని గాలపు కర్ర భుజాన వేసుకుంటాడు. అందరూ అంతే. ఒకటి పోగొట్టుకుని పది రాబట్టుకునే బేరం కాబట్టి ఎవరూ మరీ గొడవ పడరు. గాలాలక్కకైతే ఇది వ్యాపారం కూడా కాదు, చిక్కుముడి విప్పే సరదా. బల్ల మీద అబద్ధం రాయకపోవడం, ఏ వరసా ఖాళీగా వదలకపోవడం, ఇవి రెండే ఆవిడ పెట్టుకున్న నియమాలు. మూడో నియమం ఒకటి ఉండాల్సిందని ఆవిడకి ఆలస్యంగా తెలిసింది.

ఆవిడకి నా అన్నవాడు ఒక్క అన్నయ్యే. యాభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. వదిన పోయి నాలుగేళ్లయింది. అప్పటినుంచీ ప్రతి మంగళవారం మొదటి బస్సులో కొండకి వెళ్లడం, మధ్యాహ్నం దిగొచ్చి చెల్లెలి కొట్లో స్టూలు మీద కూచుని ఒక టీ తాగడం, ఆరు చిన్న గాలాలు కొనుక్కుని వెళ్లడం అలవాటైంది ఆయనకి.

"ఎక్కడికెళ్లావన్నయ్యా?"

"అలా పై చెరువు దాకా."

అంతకు మించి ఆవిడ తవ్వేది కాదు. అన్నయ్య అన్నయ్యేగానీ చేపలు పట్టేవాళ్ల లెక్కలోకి రాడు కదా అనుకునేది.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. కొండవాగులన్నీ టీ రంగుకి తిరిగాయి. "కొండ: వద్దు, బురద" అని ఆరు రోజులు వరసగా రాసి రాసి ఆవిడకి విసుగెత్తింది. ఏడోరోజు మంగళవారం. అన్నయ్య వచ్చి గొడుగు మూలన పెట్టి స్టూలు మీద కూచున్నాడు. టీ గ్లాసు అందిస్తూ ఆవిడ అలవాటు కొద్దీ కిందికి చూసింది. బూట్లు తడిగా ఉన్నాయిగానీ వాటిమీద బురద చుక్క లేదు. అంచుల వెంట మాత్రం సన్నటి నల్ల ఇసుక, నిప్పుకి దగ్గరగా పట్టిన ఇనుప రజనులా మెరుస్తోంది. నల్ల ఇసుక కొండ మొత్తంలో ఒక్కచోటే ఉంటుందని ఎప్పుడో ఒక లారీవాడు చెప్పాడు: మూడో వంతెన కింద, పాడుబడ్డ పిండిమిల్లు వెనక. ఆరు రోజుల వానలో బురద అంటలేదంటే అక్కడి నీళ్లు రాతి కిందినుంచి ఊరుతున్నాయన్నమాట. వాన కలవదు. చేపలు ఎక్కడికీ పోవు!

ఆ రాత్రి ఆవిడ హాయిగా నిద్రపోయింది. చిక్కుముడి విడినప్పుడు మనిషికి కలిగే ఆనందంలో ఒక లోపముంది. ముడి ఎవరిదో ఆ క్షణంలో గుర్తుండదు. పొద్దున్నే లేచి గుండ్రటి అక్షరాలతో రాసింది: "కొండ: మూడో వంతెన కింద, మిల్లు వెనక మడుగు. నీళ్లు తేట. తొమ్మిది లోపు." రాసి, రెండడుగులు వెనక్కి వేసి, తల ఒక పక్కకి వంచి చూసుకుని మురిసిపోయింది కూడా.

తరవాతి మంగళవారం అన్నయ్య మధ్యాహ్నం కాకుండా పదిన్నరకే వచ్చాడు. కూచోలేదు. జేబులోంచి గాలాల పొట్లం తీసి గల్లా పక్కన పెట్టాడు.

"ఇవి విప్పలేదు. ఉంచుకో."

"అదేంటన్నయ్యా, తుప్పు పట్టాయా?"

"నేను నీకేమైనా చెప్పానా అమ్మాయ్? ఎప్పుడైనా?"

అప్పుడు గానీ ఆవిడకి సంగతి తట్టలేదు. "చెప్పలేదు."

"మరి?"

"బూట్లు..." అంది ఆవిడ.

ఆయన తల వంచి తన బూట్లని, ఎవరో తెలిసినవాళ్లని చూసినట్టు, కాసేపు చూశాడు. "పందొమ్మిది మంది ఉన్నారక్కడ," అని మాత్రం అన్నాడు. గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ పై మంగళవారం రాలేదు. ఆవిడే కొట్టుకి తాళం వేసి ఆయన ఇంటికి వెళ్లింది. తలుపు తీశాడు, కుర్చీ చూపించాడు, టీ ఇచ్చాడు. "బాగున్నావా అన్నయ్యా?" అంటే "బాగున్నాను" అన్నాడు. వానలు ఈసారి ఎక్కువే అన్నాడు. కసిరినా బాగుండేది. చిన్నప్పుడు తన బొంగరం విరగ్గొట్టినందుకు జుట్టు పట్టుకుని వీధంతా తిప్పిన మనిషి, ఇప్పుడు పొరుగింటావిడతో మాట్లాడినట్టు మర్యాద చేశాడు. తిరిగి వస్తుంటే దారి పొడుగునా ఆ మర్యాదే గుచ్చుకుంది. ఉన్న ఒక్క మనిషినీ సుద్దముక్కతో చెరిపేసుకున్నాను అనుకుంది.

మడుగు దగ్గర్నుంచి జనాన్ని లేపాలి. అదొక్కటే దారి. మర్నాడు సుద్ద పట్టుకుని "మడుగు ఎండిపోయింది" అని రాయబోయి ఆగిపోయింది. ఒక్క అబద్ధం రాస్తే ఆ బల్లకీ వడ్రంగి నోటికీ తేడా ఏముంటుంది? రేపు తుఫాను వస్తోంది, రాళ్ల మీదకి పోకండి అని రాస్తే ఎవడు నమ్ముతాడు? పోనీ ఏమీ రాయకపోతే? ఇరవై రెండేళ్లలో మొదటిసారి కొండ వరస ఖాళీగా వదిలేసింది.

పొద్దున ఏడింటికి వడ్రంగి బల్ల ముందు నిలబడి ఈల వేశాడు. "ఒరేయ్, అక్క రాయలేదంటే రాయకూడనంత ఉన్నాయన్నమాట!"

"అదేం కాదయ్యా," అంది గాలాలక్క లోపల్నుంచి.

"కాదంటోంది! విన్నారా? కాదంటోందంటే ఖాయమే."

జీవితమంతా అబద్ధాలాడినవాళ్లకి మౌనం కూడా అబద్ధంలాగే వినిపిస్తుంది. ఆ ఆదివారం కొండ బస్సులో కాలు పెట్టే చోటు లేదట.

ఇక తప్పదని మరుసటి వారం గాలాలక్క తనే కొండకి బయల్దేరింది. డ్రైవరు నోరు వెళ్లబెట్టాడు.

"నువ్వా అక్కా! కొండకా?"

"ముందు సీటివ్వు. ఒక కవరు కూడా ఇవ్వు. తరవాత ఆశ్చర్యపోదువుగాని."

కవరు రెండుసార్లు పనికొచ్చింది. మూడో వంతెన దగ్గర దిగి, రెయిలింగు పట్టుకుని కాసేపు నిలబడింది. మిల్లు వెనక దారి ముందు ఎంత సన్నగా ఉండేదో గానీ, ఇప్పుడు బండి పట్టేంత వెడల్పయింది. మడుగు ఆవిడ ఊహించినదానికంటే చాలా చిన్నది. ఒక పెద్ద గది అంత ఉంటుంది. ఒడ్డు పచ్చిక అంతా తొక్కుడుకి నల్లగా అణిగిపోయింది. కొమ్మలకి తెగిన తాళ్లు వేలాడుతున్నాయి, ఎర డబ్బాలు బోర్లా పడి ఉన్నాయి. పదకొండు మంది భుజం భుజం రాసుకుంటూ కర్రలు పట్టుకుని నిలబడ్డారు.

"ఏమైనా పడ్డాయా?" అంది గుసగుసగా, వడ్రంగి పక్కకి వెళ్లి.

అతను ఉలిక్కిపడి సర్దుకున్నాడు. "ఓ... బోలెడు. పొద్దున్నించీ ఖాళీ లేదనుకో."

అతని సంచి మడత కూడా విప్పలేదు. ఆవిడ ఒక రాయి మీద కూచుంది. గంట గడిచింది, రెండో గంట గడిచింది. ఒక్క బెండు కూడా మునగలేదు. నీటి మీద వలయం లేవలేదు. అడుగున నల్ల ఇసుక స్పష్టంగా కనిపిస్తోంది, దాని మీద కదిలే నీడ ఒక్కటి లేదు. వేలెడంత పిల్లల్ని కూడా మిగల్చలేదు. బల్ల చెప్పింది కాబట్టి చేప ఉండి తీరాలని, ప్రతివాడూ పక్కవాడికి పడుతున్నాయని నమ్మి, తనకీ పడ్డాయని కోస్తూ నిలబడి ఉన్నాడు. ఇన్నాళ్లూ ఆవిడ రాసింది నిజమే, కానీ ఆ నిజం వెళ్లి ఏం చేస్తుందో ఎప్పుడూ చూడలేదు. కొట్లో కూచుంటే నీళ్లు కనిపించవు.

మర్నాడు పొద్దున బల్ల మీద కొండ వరస మామూలు కంటే పొడుగ్గా ఉంది: "మిల్లు వెనక మడుగులో చేపలు అయిపోయాయి. రెండు గంటలు కూచుని నా కళ్లతో చూశాను. నా రాత వల్లే."

వడ్రంగి రెండుసార్లు చదివాడు. "అయిపోవడమేంటక్కా, నేను మొన్ననే..."

"ఎన్ని?"

అతను మెడ గోక్కున్నాడు. వీధి అటూ ఇటూ చూశాడు. "ఒక్కటీ లేదక్కా," అన్నాడు మెల్లిగా. "వెళ్లిన అన్నిసార్లూ కలిపి ఒక్కటీ లేదు."

తరవాతి ఆదివారం కొండ బస్సులో సీట్లు మిగిలాయి. ఆ పై వారం ఎవరూ మూడో వంతెన దగ్గర దిగలేదని డ్రైవరు చెప్పాడు. గాలాలక్కకి ఊరట కలగలేదు. జనాన్ని లేపింది సరే, చేపల్లేని మడుగుని అన్నయ్య చేతిలో పెట్టి ఏమనాలి? ఆయనకి డెబ్బై రెండేళ్లు. కింది వాగులోంచి చేప మళ్లీ ఎక్కొచ్చి స్థిరపడడానికి నాలుగేళ్లయినా పడుతుంది.

ఆ మంగళవారం మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. అన్నయ్య. బల్ల మీది వరస చదివినట్టున్నాడు, ఆ మాట ఎత్తలేదు.

"మడత కుర్చీలుంటాయా నీ దగ్గర?"

"ఉన్నాయి. ఎందుకన్నయ్యా?"

"మడుగు దగ్గర రాయి గట్టిగా ఉంటోంది."

ఆవిడ కుర్చీ దించుతూ, ఆగలేక అనేసింది. "అక్కడ చేపలు లేవన్నయ్యా. నేనే..."

"తెలుసు. చదివాను." కుర్చీ విప్పి, చేత్తో నొక్కి చూసి, మళ్లీ మడిచాడు. "చేప పడితే లేచి నిలబడాలి. దాన్ని విడిపించాలి. నాకు అదంతా గొడవే అమ్మాయ్. మీ వదిన పోయినప్పట్నించీ ఈ ఊళ్లో ఎదురైనవాళ్లంతా ఎలా ఉన్నారని అడుగుతారు. బాగున్నానంటే జాలిగా చూస్తారు, బాలేనంటే కూచోబెడతారు. గాలం పట్టుకున్నవాణ్ని మాత్రం ఎవరూ పలకరించరు. ఆ రోజు అక్కడ పందొమ్మిది మందీ వరసబెట్టి అడిగారు."

ఆవిడ కూడా ఆయన ఇంటికి వెళ్లి అడిగిన మొదటి మాట అదే. ఇప్పుడు కూడా నాలుక చివర అదే ఉంది. దాన్ని మింగేసి, కుర్చీకి తాడు కట్టడం మొదలుపెట్టింది.

"ఇంత పెద్దది బస్సులో ఎక్కనిస్తారా?" అంది.

"డ్రైవరుతో పొద్దున్నే మాట్లాడాను. వెనక సీటు కింద పెట్టుకోమన్నాడు," అన్నాడు అన్నయ్య. స్టూలు లాక్కుని కూచుంటూ, "టీలో పంచదార తగ్గించు," అన్నాడు.